నడిగడ్డ నుంచి సోమశిల దాకా



రాజుల కోటలు చూసొద్దాం అనుకోగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి గోలకొండ, ఓరుగల్లు, చంద్రగిరి. కాస్త సెలవు దొరికితే హంపి. హైదరాబాదు నుంచి కర్నూలు పోయే పెద్దరోడ్డు మీద జడ్చర్ల దాటాక కుడికో ఎడమకో తిరిగితే చాలు, నాలుగు రాజుల ఊళ్లున్నాయి: వనపర్తి, ఆత్మకూరు, గద్వాల, కొల్లాపురం. ఆ బోర్డులు చదువుకుంటూనే మనం మంత్రాలయానికో తిరుపతికో సాగిపోతాం. వీటికోసం బండి తిప్పేవాళ్లు తక్కువ. ఈ పూట ఆ ఊళ్ల మీదుగా చేసిన ప్రయాణం గురించి నాలుగు మాటలు చెబుతాను.

నన్ను బయల్దేరదీసింది మా చిన్నాన్న. పాలమూరు జిల్లాలో తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. సంస్థానాల సంగతి ఎత్తితే ఆయనకు ఆకలి దప్పులుండవు. తూమాటి దోణప్పగారి ‘ఆంధ్ర సంస్థానములు - సాహిత్య పోషణము’ అట్ట చిరిగి, కుట్టు వదిలి, ఆయన చేతిసంచిలో ఎప్పుడూ ఉంటుంది. దసరా సందడి తగ్గాక ఒక తెల్లవారుజామున కారెక్కాం. డ్రైవరు పక్కన చిన్నాన్న, వెనక సీట్లో నేను, నా పక్కన ఆ సంచి.

సంస్థానం అంటే ఏమిటో ముందు ఒక్క మాట. వీళ్లు కాకతీయుల్లాగానో రాయల్లాగానో స్వతంత్రంగా దేశమేలిన చక్రవర్తులు కారు. పైన నిజాం ఉన్నాడు. ఆయనకు ఏటా కప్పం కట్టాలి. ఆపైన తమ పరగణాల్లో పన్నుల వసూలు, తగవుల తీర్పు, గుళ్ల ఉత్సవాలు, పండితుల సత్కారాలు అన్నీ వీళ్ల చేతిలోనే. నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల్లో ఇలాంటి సంస్థానాలు డజనుకు పైగా ఉండేవి. 1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. మరుసటి ఏడాది జాగీర్ల రద్దు వచ్చింది. దాంతో ఈ గద్దెలన్నీ ఒక్క దెబ్బకు పోయాయి. బిరుదులూ మేడలూ మిగిలాయి. మేడల్లో ఎక్కువ భాగం ప్రభుత్వానికో చదువులకో పోయాయి.

ముందు వనపర్తి వెళ్లాం. రాజభవనం ఏదని అడిగితే ఊళ్లో కుర్రవాళ్లు పాలిటెక్నిక్ కాలేజీ చూపిస్తారు. నిజమే, భవనమే కాలేజీ. దర్బారు కళ ఉన్న ఆ కట్టడంలో ఇప్పుడు సైకిళ్లు, బైకులు, చేతిలో డ్రాయింగు షీట్లు చుట్టుకుని నడిచే పిల్లలు. పాడుబడిన మహళ్లు చూసి చూసి ఉన్నవాణ్ని కాబట్టి నాకిది బాగా నచ్చింది. తాళం వేసి గబ్బిలాలకు వదిలేసిన కోటకన్నా గంట కొడితే పిల్లలు పరుగెత్తుకొచ్చే కోట నయం. చిన్నాన్నకు మాత్రం కొంచెం బాధే. ‘ఇక్కడ అష్టభాషా పండితుడు ఏలాడురా’ అన్నారు, బహిరీ గోపాలరావుగారిని తలుచుకుని. ఎనిమిది భాషల్లో దిట్ట అని ఆయనకు అష్టభాషి అనే పేరు.

వనపర్తి వంశంలో నాకు ఆసక్తి పుట్టించినవాళ్లు మాత్రం తర్వాతి కాలపు మనుషులు. చివరి తరపు రాజా రామేశ్వరరావు గద్దె పోయాక దేశం తరఫున విదేశాల్లో రాయబారిగా పనిచేశారు, పాలమూరు నుంచి పార్లమెంటుకు వెళ్లారు, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపారు. మనలో చాలామంది చదువుకున్న ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల మీద ఉన్న పేరు అది. ఆయన భార్య కుముదినీదేవి హైదరాబాదు నగరానికి మేయరయ్యారు. కుష్ఠురోగుల కోసం కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రం స్థాపించి వాళ్ల మధ్యే పనిచేశారు. రాణి అన్నమాటకు నా మనసులో ఉన్న బొమ్మ ఆమెను గురించి చదివాక మారిపోయింది. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది కదా, ఆ పేటకు పేరిచ్చిన ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే గుర్రపు దళం కూడా మొదట వనపర్తి రాజుదేననీ, తర్వాత నిజాం చేతికి వెళ్లిందనీ చెబుతారు. రోజూ ఆ పేట మీదుగా సిటీ బస్సులో పోయేవాళ్లలో ఎందరికి తెలుసో!

వనపర్తి నుంచి పెబ్బేరు వైపు వస్తుంటే శ్రీరంగాపురం. ఊరు చిన్నదే. రంగనాయకస్వామి గుడి మాత్రం ఊరికి మించింది. ఎత్తైన గాలిగోపురం, లోపల పొడవాటి మండపాలు, గుడిని ఆనుకుని రంగసముద్రం. వనపర్తి రాజులు కట్టించిన చెరువులకు సముద్రాలనే పేర్లు. శంకరసముద్రం, కృష్ణసముద్రం, గోపాలసముద్రం, ఇలా. అన్నీ కలిపి సప్తసముద్రాలంటారు ఇక్కడివాళ్లు. బయటివాళ్లకు నవ్వు రావచ్చు. వానలు మొహం చాటేసే ఈ నేలమీద నిలబడి చూస్తే ఆ పేరు పెట్టినవాడి ఆశ అర్థమవుతుంది.

మేం వెళ్లేసరికి చెరువు నిండుగా ఉంది. గట్టు మీద నలుగురు మనుషులు వలలు ఆరబెట్టుకుంటున్నారు. వానలు బాగా పడ్డాయా అని అడిగాను. వాళ్లలో పెద్దాయన నవ్వాడు.

‘వానదెక్కడిది సారూ! ఇవి కిష్ణమ్మ నీళ్లు. అక్కడికెళ్లి ఎత్తిపోస్తరు.’

ఆయన చెప్పింది భీమా ఎత్తిపోతల గురించి. జూరాల దగ్గర కృష్ణ నీటిని పంపులతో ఎత్తి ఇటు మళ్లించినప్పుడు ఇంజనీర్లు కొత్తగా జలాశయాలకు చోటు వెతుక్కోనక్కర్లేకపోయింది. రాజులు చెరువు కోసం ఎంచిన పల్లమే నీటికి తగిన పల్లం. రంగసముద్రం, శంకరసముద్రం ఇప్పుడు ఆ పథకంలో రిజర్వాయర్లు. పాత రాజులు చేసినవాటిలో ఈ ప్రయాణంలో నేను చూసిన మేలైన కట్టడం ఏదని అడిగితే మహలు పేరు చెప్పను, ఈ కట్టలే చూపిస్తాను. గుడి మెట్ల మీద కూచుని చిన్నాన్న సంచిలోంచి పుస్తకం తీశారు. నేను మాత్రం నీళ్లు చూస్తూ కూచున్నాను. గోపురం నీడ నీటిలో పడి, చేప ఎగిరినప్పుడల్లా అంతస్తులు చెదిరి మళ్లీ కూడుకుంటున్నాయి.

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటాం. ఒడ్డునే ఆంజనేయస్వామి గుడి. లారీలవాళ్లు ఆగి కొబ్బరికాయ కొట్టకుండా వంతెన ఎక్కరు. వంతెన దిగితే నడిగడ్డ. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర, మధ్యలో చిక్కిన నేల. విజయనగరం, బహమనీలు తరతరాలు కొట్టుకు చచ్చిన రాయచూరు అంతర్వేదికి ఇది తూర్పు కొస. వంతెన దాటగానే మాట తీరు కూడా తిరుగుతుంది. అవతల ‘వచ్చిండ్రు’ అన్న నోళ్లు ఇవతల ‘వచ్చినారు’ అంటాయి. కర్నూలు దగ్గర, రాయచూరూ దగ్గరే.

ఎర్రవల్లి చౌరస్తా నుంచి గద్వాల వెళ్లేదారిలో రెండు పక్కలా పత్తి చేలు. ఇది మామూలు పత్తి కాదు, సీడు పత్తి. దేశంలో ఎక్కడెక్కడో రైతులు కొనుక్కునే హైబ్రిడ్ పత్తి విత్తనంలో పెద్ద వాటా నడిగడ్డ చేలలో తయారవుతుంది. కారు ఆపించి ఒక చేను గట్టుకు వెళ్లాం. ఆడమొక్కల వరసలు ఎక్కువ, మగమొక్కల మళ్లు ఒక పక్కన విడిగా. సాయంకాలం పూట కూలీలు మర్నాడు విచ్చబోయే మొగ్గను పట్టుకుని, పైరేకుతో సహా లోపలి పుప్పొడి తిత్తుల్ని గోటితో ఒలిచేస్తారు. మధ్యలో లేత కీలాగ్రం ఒక్కటే మిగలాలి. గోరు దానికి తగిలిందా, ఆ కాయ పోయినట్టే. తెల్లారాక మగపువ్వు కోసుకొచ్చి దాని మీద అద్దుతారు. ఒలిచిన మొగ్గ ఏదో మర్నాడు పోల్చుకోవడానికి గుర్తు పెడతారు. దీన్ని అంతా ‘క్రాసింగ్’ అనే అంటారు. చేలో ఉన్న అమ్మను ‘రోజుకు ఎన్ని మొగ్గలు ఒలుస్తావమ్మా’ అంటే, ‘లెక్క ఎవరు పెడతారు నాయనా, నడుం పట్టేసేదాకా’ అంది. చిన్న చేతులకు ఈ పని వాటమని ఒకప్పుడు బడి మాన్పించి పిల్లల్ని చేలకు తోలేవాళ్లు. ఆ మచ్చ నడిగడ్డ మీద చాలాకాలం ఉంది. బడుల్లో పనిచేసినవాడు కాబట్టి ఈ మాట వచ్చినప్పుడు చిన్నాన్న గొంతు మారింది. ‘ఆగస్టు వస్తే క్లాసు సగం ఖాళీ. హాజరుపట్టీ చూసి పంట చెప్పేవాణ్ని’ అన్నారు.

గద్వాల కోట మట్టికోట. రాతికోటలు చూసిన కంటికి మొదట ఆనదు. చుట్టూ కందకం ఆనవాళ్లు, మందపాటి గోడలు, బురుజులు. దగ్గరికి వెళ్లి గోడ మీద చెయ్యి వేస్తే అప్పుడు తెలుస్తుంది ఆ మట్టి ఎంత బిర్రుగా ఉందో. ఫిరంగి గుండు రాతిని పగలగొడుతుంది, మట్టిలో దిగబడి ఊరుకుంటుంది. కట్టించింది పెద్ద సోమభూపాలుడు. జనం నోట నల సోమనాద్రి. కర్నూలు నవాబుతో ఆయన చేసిన యుద్ధాల కథలు నడిగడ్డలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడున్న పెద్ద ఫిరంగి ఆ గెలుపులో తెచ్చిందే అంటారు. మాకు కోట చూపించిన కుర్రాడు ఆ యుద్ధాన్ని నిన్న తాను చూసొచ్చినట్టే చెప్పాడు. నవాబు ఏనుగు ఎటు తిరిగిందో కూడా వాడికి తెలుసు. చరిత్రకారుడు ఒప్పుకుంటాడో లేదో గానీ నేను అడ్డు చెప్పలేదు.

ఈ కోటలోనూ కాలేజీయే. చివరగా గద్వాలనేలిన మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరు మీద ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. పక్కనే చెన్నకేశవస్వామి ఆలయం. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అని పేరు. కార్తీకమాసంలో ఇక్కడ పండిత సభలు జరిగేవి. వ్యాకరణం, తర్కం, వేదాంతం, అవధానం, ఎవరి విద్య వాళ్లు చూపించుకుని సంభావన అందుకుని, అక్కడి నుంచి వనపర్తికో ఆత్మకూరుకో కొల్లాపురానికో వెళ్లేవాళ్లు. ఒక సంస్థానంలో గెలిచిన పండితుణ్ని ఇంకో సంస్థానం తక్కువ చేసి పంపితే పరువు తక్కువ. అలా రాజుల మధ్య పోటీ పండితులకు కలిసొచ్చింది. తిరుపతి వెంకటకవులు గోదావరి, కృష్ణా తీరాల నుంచి బయల్దేరి ఈ సంస్థానాలకూ వచ్చారు. ఆ సందర్శనల పద్యాలన్నీ చేర్చి ‘నానారాజ సందర్శనం’ అని పుస్తకమే వేశారు. ఇవాళ కారులో మూడు గంటలు పోతేనే మనకు నడుములు పడుతున్నాయి. వాళ్లు ఎడ్లబండి దిగీ దిగగానే శతావధానానికి కూచునేవాళ్లు.

చిన్నాన్న ఇదంతా కాలేజీ మెట్ల మీద నిలబడి, సభలో మాట్లాడుతున్నట్టే చెబుతున్నారు. ఇద్దరు ముగ్గురు విద్యార్థులు కూడా ఆగి విన్నారు. వాళ్లలో ఒకడు చాలా మర్యాదగానే అడిగాడు: ‘సార్, ఆ సంభావన డబ్బులు యాడనుంచి వచ్చేటివి సార్?’

మెట్ల మీద కాసేపు మాటల్లేవు. చిన్నాన్న ఏం చెబుతారా అని నేనూ చూశాను. ‘రైతు దగ్గరినుంచే నాయనా’ అన్నారు. ఆ తర్వాత కారులో మా ఇద్దరికీ వాదన. నేనన్నాను, తెలుగు పద్యానికి ఇంత ఆదరణ ఇచ్చిన ఇదే నేల నుంచి ‘పాలమూరు లేబర్’ అనే పేరు దేశమంతా పాకింది కదా చిన్నాన్నా, నాగార్జునసాగర్ నుంచి ఎక్కడ పెద్ద డ్యామ్ కడితే అక్కడికి తట్టా పారా పట్టుకుని పోయింది ఇక్కడి జనమే కదా అని. పండితుడికి శాలువా కప్పిన రాజుకు వలస పోయే మనిషి కనపడలేదా?

ఆయన ఒప్పుకోలేదు. ‘వలసలకు రాజుల మీద నెపం వెయ్యకు. గద్దెలు పోయాక కదా అవి పెరిగింది. వాళ్లు కట్టిన చెరువుల్ని పూడిక తీయకుండా వదిలేసింది ఎవరు?’ అన్నారు. అందులోనూ నిజముంది. అయితే వెట్టిచాకిరీ, పన్నుల బాధ సంస్థానాల్లో లేవని ఆయన కూడా అనలేకపోయారు. వాదన తెగలేదు. రాజు మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్నకన్నా, రాజు ఇచ్చిన దానిలో ఏది జనం చేతిలో నిలిచింది అన్న ప్రశ్న నాకు ఎక్కువ పనికొచ్చింది. చెరువు ఒకటి. రెండోది గద్వాలలోనే ఉంది.

అది మగ్గం. ఊళ్లో చేనేతవాళ్ల వీధిలో ఒక ఇంటికి వెళ్లాం. గుంట మగ్గం. నేత నేసే అన్న కాళ్లు గుంటలో, నడుము నేల మట్టానికి. గద్వాల చీర అంటే ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు వేర్వేరు గుడ్డలు తెచ్చి సూదితో అతికినట్టు అనుకుంటారు చాలామంది. కాదు, మగ్గం మీదే రెండూ ఒకటవుతాయి. నేను మోకాళ్ల మీద కూచుని ఆ అతుకు దగ్గరికి తల వంచి చూశాను. ఒళ్లు నేసే నాడె వేరు, అటు అంచు నాడె వేరు, ఇటు అంచు నాడె వేరు. ఒంటి పేక అంచు దాకా వచ్చి ఆగుతుంది. అంచు పేక ఎదురొచ్చి దాని మెడలో పడి మెలి తిరిగి వెనక్కి పోతుంది. ప్రతి పోగు దగ్గరా ఇదే. ఒక్క పోగు మెలి తప్పితే అక్కడ చీలిక కనపడుతుంది. ఆ అన్న ఒక చోట అలా తప్పింది చూసి, నాలుగు పోగులు వెనక్కి విప్పి మళ్లీ నేశాడు. నాకైతే ఎంత చూసినా తప్పు కనపడలేదు. అంచు మీద వరసగా గుడి గోపురాల్లాంటి కోటకొమ్మలు. కోటగోడలు కరిగిపోతున్నా చీర అంచు మీద మాత్రం కోటకొమ్మ చెక్కుచెదరలేదు.

బనారసుకు నేతగాళ్లను పంపి పనితనం నేర్పించింది గద్వాల మహారాణే అని వీధిలో చెబుతారు. ‘చీర మడిస్తే అగ్గిపెట్టెలో పడుతుంది’ అన్న మాట కూడా అక్కడ విన్నాం. ఇప్పుడు మాకు తెచ్చి చూపించిన పట్టు చీరలు అగ్గిపెట్టెలో కాదు కదా, నా చేతిసంచిలో కూడా పట్టేలా లేవు. జరీ బరువు పెరిగింది, పెళ్లిళ్ల బేరం అలాంటిది. నూలు ఒంటి చీర ఒకటి ముట్టుకుంటే ఆ మాట అబద్ధం కాదనిపించింది. మా ఆవిడకు అదే కొన్నాను. ‘పట్టుది తీసుకోండి సార్, అమ్మగారు సంతోషిస్తారు’ అని వాళ్లు చాలా చెప్పి చూశారు.

ఇంకో సంగతి విని నేను లేచి కూచున్నాను. తిరుమల వేంకటేశ్వరస్వామికి బ్రహ్మోత్సవాలప్పుడు గద్వాల నుంచి ‘ఏరువాడ జోడు పంచెలు’ వెళ్తాయి. సంస్థానం నాటి మొక్కు. పదకొండు గజాల పొడవు, మామూలు పంచెకన్నా చాలా ఎక్కువ వెడల్పు. అంత వెడల్పు మగ్గం మీద ఒక్కరి చెయ్యి అందదు. ఇద్దరు ముగ్గురు పక్కపక్కన కూచుని ఒకే లయలో నాడె అందుకోవాలి. నేసేవాళ్లు మండలం రోజులు దీక్షలో ఉంటారు. గద్దె పోయింది, సంస్థానం పోయింది, ఆ నేత ఆగలేదు. ‘ఈ ఏడు పంచెలు పోయినాయి సార్, మీరు ఆలస్యంగా వచ్చినారు’ అన్నాడు ఆ అన్న, బంధువుల పెళ్లి తప్పిపోయినందుకు నొచ్చుకున్నట్టు.

గద్వాల నుంచి అలంపురం. దారిలో ఇటిక్యాలపాడు వైపు వేలు చూపించి చిన్నాన్న కారులోనే దండం పెట్టారు. సురవరం ప్రతాపరెడ్డిగారి సొంతూరు. పుట్టింది మేనమామగారి బోరవెల్లి. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే, మాటకు మాట అనకుండా 354 మంది కవుల పద్యాలు పోగుచేసి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారాయన. రాజుల కథలు చాలామంది రాశారు. ప్రజలు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు అని వెతికి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసింది ఆయన. సాహిత్య అకాడమీ బహుమతుల్లో తెలుగుకు వచ్చిన మొదటిది ఆ పుస్తకానికే, 1955లో. నాలుగు సంస్థానాల మధ్య పెరిగినవాడు రాజుల్ని పక్కనపెట్టి జనం చరిత్ర రాయడం ఊరికే జరిగిందనుకోను.

అలంపురంలో రాజుల వయసు ఒక్కసారిగా వెయ్యేళ్లు వెనక్కి పోతుంది. బాదామి చాళుక్యులు. తుంగభద్ర ఒడ్డున తొమ్మిది గుళ్లు, నవబ్రహ్మలు. పేరు బ్రహ్మలదే, కొలువైంది శివుడే. ఇవాళ నిత్యపూజలందుకునేది బాలబ్రహ్మేశ్వరుడు. చాలావరకు శిఖరాలు మన దక్షిణాది గోపురాల్లా అంతస్తులుగా ఉండవు. ఒరిస్సా వైపు గుళ్లలా కిందినుంచి వంపు తిరిగి పైకి చేరి నెత్తిన ఉసిరికాయ ఆకారంతో ముగుస్తాయి. స్వర్గబ్రహ్మ గుడిని వినయాదిత్యుడి కాలంలో, అంటే ఏడో శతాబ్దంలో, రాణి గౌరవం కోసం కట్టించినట్టు శాసనం ఉంది. పొద్దుటెండ ఆ గోడల మీద ఏటవాలుగా పడ్డప్పుడు చూడాలి. దిక్పాలకులు, కిటికీ జాలకాలు, ఎగిరే గంధర్వులు, ఒక్కొక్కటే రాతిలోంచి ముందుకు వస్తుంది. మధ్యాహ్నమైతే అన్నీ చదునైపోతాయి.

జోగులాంబ గుడి పద్నాలుగో శతాబ్దపు దాడుల్లో కూలిపోయి, అమ్మవారు శతాబ్దాలు బాలబ్రహ్మేశ్వరుడి ఆలయంలోనే ఉండి, 2005లో సొంత గుడికి చేరింది. ఈ పని కోసం, అలంపురం శాసనాల కోసం జీవితమంతా వెచ్చించినవారు గడియారం రామకృష్ణశర్మ. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లారు, ‘సుజాత’ పత్రిక నడిపారు, తన కథ ‘శతపత్రము’గా రాసుకున్నారు. ఊరికి ఒక్క మనిషి పట్టుదలగా ఉంటే చాలు, ఎంత పని జరుగుతుందో అలంపురం వెళ్లి చూడొచ్చు.

గుడి వెనక నదివైపు ఎత్తైన గోడ. మెట్లెక్కితే తుంగభద్ర. శ్రీశైలం ప్రాజెక్టు వెనకనీళ్లు ఊళ్లోకి రాకుండా కట్టిన కట్ట అది. 2009 అక్టోబరు వరదలో అదీ చాలలేదు. ఊరు మునిగింది, అవతల కర్నూలూ మునిగింది. ఊరి పొలిమేరలో పాపనాశి గుళ్లు, కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉన్నాయి. ఇవి ఇక్కడివి కావు. ప్రాజెక్టు ముంపులోంచి తెచ్చినవి. రాయి రాయికీ అంకె వేసి, విప్పి, బళ్ల మీద తెచ్చి, అదే వరసలో మళ్లీ పేర్చారు. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉండవలసిన సంగమేశ్వరుడు ఇప్పుడు ఏ సంగమమూ లేని మెట్టనేల మీద ఉన్నాడు. శిల్పం చెడలేదు, పని చాలా శ్రద్ధగా చేశారు. అయినా నది చప్పుడు లేని చోట ఆ పేరు వింటే ఏదోలా ఉంటుంది.

కొల్లాపురం గురించి ఎక్కువ చెప్పను. సురభి వంశపు రాజుల మహలు బయటి నుంచి ఘనంగా ఉంది. లోపల పెద్దగా చూడలేకపోయాం. జటప్రోలు వీళ్ల పాత రాజధాని, ఆ ఊరి మదనగోపాలస్వామి గుడి కూడా ముంపు వల్ల చోటు మారిందే. సురభి మాధవరాయలు ‘చంద్రికా పరిణయం’ రాసిన కవి. ఆ ప్రబంధం శ్లేషలకు పండితులే తడబడతారు. చిన్నాన్న నాకు ఒక పద్యం విప్పి చెప్పబోయి, మామిడితోటల మధ్య రోడ్డు గుంతలకు మధ్యలోనే వదిలేశారు. కొల్లాపురం మామిడికి మంచి పేరు. మేం వెళ్లింది కాయల కాలం కాదు, ఆకులు మాత్రం నల్లగా నిగనిగలాడుతున్నాయి.

అక్కడి నుంచి సోమశిల. కొండలు దగ్గరకొచ్చి, మధ్యలో కృష్ణ సముద్రంలా పరుచుకుంటుంది. ఒడ్డున లలితా సోమేశ్వరుడి గుళ్లు, అవీ పైకి తెచ్చినవే. లాంచీ ఎక్కాం. నడిపే తమ్ముడు ఒక చోట చెయ్యి చూపించి, ‘ఇదో, సంగమేశ్వరం గుడి ఇక్కడే నీళ్లల్ల ఉంది’ అన్నాడు. ఏడు నదులు కలుస్తాయనే ఆ పాత గుడి, వేపమొద్దు లింగం, ఎండాకాలం నీరు తగ్గితే బయటపడుతుంది, వానాకాలం మునుగుతుంది. వంద దాకా ఊళ్లు ఇలాగే శ్రీశైలం నీళ్ల కిందికి పోయాయి.  ‘మా తాత ఊరు అంతకంటే ఆవలకు’ అన్నాడు తమ్ముడు, ఇంజను తగ్గించకుండానే. గుళ్లకు అంకెలు వేసి, రాయి పోకుండా లెక్కచూసి తెచ్చారు. ఊళ్ల మనుషుల్ని అంత లెక్కగా ఎవరైనా తెచ్చి దింపారా అని అడిగాను. ‘పైసలిచ్చిండ్రంట, అయిపోయినయంట’ అన్నాడు. చిన్నాన్న ఏమీ అనలేదు. ఆయన శిష్యుల్లో ముంపు ఊళ్ల పిల్లలు చాలామంది ఉన్నారని తర్వాత చెప్పారు.

వెళ్లాలనుకునే శ్రోతలకు రెండు ముక్కలు. సంగమేశ్వరం గుడిని కళ్లారా చూడాలంటే ఎండాకాలంలో, శ్రీశైలం నీరు తగ్గాక వెళ్లండి. నిండు కృష్ణ మీద లాంచీ ప్రయాణం కావాలంటే దసరా, దీపావళి మధ్య. రెండూ ఒక్కసారి దొరకవు. అలంపురానికి పొద్దున్నే చేరండి. గద్వాలలో కోట చూశామని తిరిగి వచ్చేయకండి, నేతవీధికి వెళ్లి మగ్గం పక్కన కాసేపు కూచోండి. వాళ్లు వద్దనరు, టీ కూడా ఇస్తారు. ఏరువాడ జోడు పంచెలు మగ్గం మీద ఉండగా చూడాలనుకుంటే బ్రహ్మోత్సవాలకు ముందు నెలలో కబురు చేసుకుని వెళ్లాలి. మా చిన్నాన్న ఈసారికి ఆ తేదీలు ఇప్పటికే రాసిపెట్టుకున్నారు. కారు మాత్రం నేనే తేవాలట.